సముద్రంలోకి దారి లేని మరుగుదొడ్డి: విశాఖలో ఒక విహార పడవ కేసు

పడవ పొడవు 11 మీటర్లు. ఫైబర్‌గ్లాస్ ఒళ్లు, డీజిల్ ఇంజను, కింద చిన్న గది, దాన్ని ఆనుకుని మనిషి కూర్చుంటే మోకాళ్లు తలుపుకు తగిలేంత మరుగుదొడ్డి. ఒక కుటుంబం సొంతానికి కొనుక్కున్న పడవ ఇది. సెలవు రోజుల్లో బంధువులను ఎక్కించుకుని ఫిషింగ్ హార్బరు వైపు జెట్టీ నుంచి బయలుదేరి, డాల్ఫిన్స్ నోస్ చుట్టి యారాడ వైపో, ఉత్తరాన రుషికొండ దాటి భీమిలి దాకానో వెళ్లి సాయంత్రానికి తిరిగి వస్తారు. నన్ను పిలిచింది వాసన గురించి. "కింది గదిలో పది నిమిషాలు కూర్చోలేకపోతున్నాం. ఎన్ని ద్రావణాలు పోసినా పోవడం లేదు" అన్నారు యజమాని.

పడవల్లో పంపులు, గొట్టాలు, ట్యాంకులు అమర్చడం నా వృత్తి. వాసన మూలం పట్టుకోవడం ఒక పూట పని. కానీ ఆ మూలం వెంట వెళితే అసలు సమస్య వేరే చోట ఉంది. చివరికి ఆ పడవ నుంచి మలజలం సముద్రంలోకి వెళ్లే దారినే తీసేసి, ఒడ్డుకు చేరే దారి కట్టాం. ఇలాంటి పడవ ఉన్నవారికి, వాటిపై పనిచేసేవారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

పడవలో కనిపించింది

చేతి పంపుతో పనిచేసే మరుగుదొడ్డి. ఒక సన్న గొట్టం సముద్రపు నీటిని లోపలికి లాగుతుంది, 38 మిల్లీమీటర్ల గొట్టం మలాన్ని బయటికి తోస్తుంది. మధ్యలో రెండు దారుల వాల్వు ఉంది: ఒక దారి చిన్న నిల్వ ట్యాంకుకు, మరొకటి నీటిమట్టం కింద ఉన్న సీకాక్ (పడవ ఒంట్లోని రంధ్రాన్ని తెరిచి మూసే వాల్వు) ద్వారా నేరుగా సముద్రంలోకి. వాల్వు పిడి సముద్రం వైపే బిగుసుకుపోయి ఉంది. ట్యాంకు గాలిగొట్టం తెరిచి చూస్తే లోపల కందిరీగలు మట్టితో గూడు కట్టి పూర్తిగా మూసేశాయి. ఆ ట్యాంకును చాలాకాలంగా ఎవరూ వాడలేదని అర్థమైంది.

పడవ నడిపే సరంగు పెద్దవాడు, సముద్రం తెలిసినవాడు. "ఈ వాల్వు ఎప్పుడూ ఇటే ఉంటుందా బాబాయ్?" అని అడిగాను. "ట్యాంకు నిండితే ఎక్కడ పోయమంటావు బాబూ? ఒడ్డున తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. మళ్లీ సముద్రంలోనే పోయాలి. అలాంటప్పుడు దాచడం ఎందుకని ఇటు తిప్పేశాం" అన్నాడు. ఈ కేసు మొత్తానికి ముఖ్యమైన మాట అదే. ఆయనది నిర్లక్ష్యం కాదు. పడవలో ట్యాంకు ఉంది, ఒడ్డున దాన్ని ఖాళీ చేసే చోటు లేదు. చోటు లేని ట్యాంకును ఎంత మంచి సరంగు అయినా పక్కన పెట్టేస్తాడు.

వాసన సంగతి. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను మలజలం వెళ్లే గొట్టానికి చుట్టి, చల్లారాక తీసి వాసన చూడాలి. గుడ్డకు వాసన పట్టిందంటే గొట్టం గోడలోకే మురుగు ఊరిందన్నమాట, ఇక దాన్ని కడిగి లాభం లేదు. ఇక్కడ మూడు చోట్ల గుడ్డ కంపు కొట్టింది. వాడింది మామూలు తోట గొట్టం తరహా పీవీసీ, పైగా మధ్యలో రెండు చోట్ల కిందికి వేలాడి ఉంది. ఆ వంపుల్లో మలజలం ఎప్పుడూ నిలిచే ఉంటుంది.

దీనికి సముద్రపు నీరు తోడైంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. గాలి ఆడని చోట కొన్ని బ్యాక్టీరియాలు ఆక్సిజన్‌కు బదులు ఆ సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదులుతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. పడవను వారం రోజులు కదపకుండా ఉంచితే, లోపలికి నీళ్లు లాగే గొట్టంలో చిక్కుకున్న సూక్ష్మజీవులు చచ్చి కుళ్లి అవీ అదే కంపు కొడతాయి. అందుకే మొదటిసారి పంపు కొట్టగానే గది నిండా వాసన వచ్చేది. యజమాని పోస్తున్న సువాసన ద్రావణాలు ఈ రెండింటిలో దేన్నీ తాకవు.

వాసన కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది మరొకటి. మరుగుదొడ్డి పళ్లెం అంచు నీటిమట్టానికి కింద ఉంది. ఇలా ఉన్నప్పుడు గొట్టాన్ని నీటిమట్టానికి బాగా పైకి, పడవ పక్కకు ఒరిగినా మునగనంత ఎత్తుకు తీసుకెళ్లి, ఆ శిఖరం మీద గాలి పీల్చే చిన్న వాల్వు పెట్టాలి. అది లేకపోతే సైఫన్ ఏర్పడి సముద్రమే గొట్టం గుండా పడవలోకి వస్తుంది. ఈ పడవలో ఆ వంపూ లేదు, వాల్వూ లేదు. పళ్లెం కింది రబ్బరు నాలుక ఒక్కటే సముద్రాన్ని ఆపుతోంది. ఆ రబ్బరు గట్టిపడి, అంచున చీలి ఉంది. సీకాక్ మూయడం మరిచి ఇంటికి వెళ్లిన ఏ రాత్రి అయినా ఆ పడవ జెట్టీ దగ్గరే మునిగిపోయేది.

చట్టం గురించి యజమానితో జరిగిన చర్చ

"మార్పోల్ ఒప్పందం పెద్ద ఓడలకే కదా" అన్నారు ఆయన. ఆ మాట నిజం. ఓడల వల్ల కలిగే కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్. మురుగునీటి గురించి చెప్పే దాని నాలుగో అనుబంధం 2003 సెప్టెంబరు 27న అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడల్లో 400 గ్రాస్ టన్నులు (ఓడ పరిమాణపు కొలత), ఆపై ఉన్నవాటికి, లేదా 15 మందికి మించి ఎక్కించుకునే అనుమతి ఉన్నవాటికి అది వర్తిస్తుంది. కానీ అది తనకు వర్తించదు కాబట్టి వదలడానికి అనుమతి ఉన్నట్టే అని ఆయన అనుకున్నారు. అక్కడే పొరపాటు. మన దేశంలో 1974 నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన మేరకు సముద్రపు నీళ్లకూ వర్తిస్తుంది, తెలిసి తెలిసి కాలుష్య పదార్థాన్ని వదలడాన్ని దాని 24వ సెక్షను నిషేధిస్తుంది. నదుల్లో, కాలువల్లో తిరిగే యంత్రపు పడవలకు 2021 అంతర్దేశీయ నౌకల చట్టంలో కాలుష్య నివారణకు ప్రత్యేక అధ్యాయమే ఉంది. రేవు పరిధిలో రేవు అధికారుల నిబంధనలు వీటికి అదనం.

పెద్ద ఓడలకు పెట్టిన కొలతనే పోల్చి చూపించాను. శుద్ధి చేయని మలజలాన్ని తీరానికి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటాక, ఓడ కనీసం 4 నాట్ల (గంటకు సుమారు 7 కిలోమీటర్ల) వేగంతో కదులుతున్నప్పుడు, కొద్దికొద్దిగా వదలాలి. నలగ్గొట్టి క్రిమిరహితం చేసినదైతే 3 నాటికల్ మైళ్లు దాటాలి. "మీ పడవ ఎప్పుడైనా తీరానికి 22 కిలోమీటర్లు దూరం వెళ్లిందా?" అని అడిగాను. వెళ్లలేదు, వెళ్లే ఆలోచనా లేదు. భీమిలి దాకా వెళ్లినా ఒడ్డు కనబడుతూనే ఉంటుంది. కాబట్టి సముద్రంలో సవ్యంగా వదిలే అవకాశం అన్నదే ఈ పడవకు ఆచరణలో లేదు.

ఆయన రెండో వాదన చాలామంది చెప్పేదే: "హార్బరులోకి ఊరి మురుగు ఎంత వస్తోంది! మా పది మందిది ఒక లెక్కా?" ఈ వాదనను నేను ఒప్పుకోను, ఒప్పుకోకూడదు కూడా. ఊరి గెడ్డల్లో వచ్చే మురుగు చాలా నీటితో పలుచబడి వస్తుంది. పడవ నుంచి వచ్చేది చిక్కటి, తాజా మలం, అదీ నీరు సరిగ్గా కదలని జెట్టీ మూలలో. పక్కనే కలాసీలు నీళ్లలో దిగి పంకాలకు చుట్టుకున్న వలలు విప్పుతుంటారు. రాళ్లకు అంటుకున్న ఆల్చిప్పలు నీటిని వడగట్టి తింటాయి, వాటిని మనుషులు తింటారు. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ ఇలాగే తిరుగుతాయి. బయట వదిలితే పోతుందా అంటే అదీ లేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు మన తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం వైపు సాగుతుంది. యారాడ ముందు వదిలినది శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ వైపే నడుస్తుంది. నవంబరు, డిసెంబరులో ప్రవాహం తిరగబడుతుంది, అప్పుడు భీమిలి ముందు వదిలినది రుషికొండకు వస్తుంది. సెలవు రోజున ఆయన మనవలు ఈదే నీళ్లు అవే. ఆ మాట ఆయనకు చట్టం కంటే గట్టిగా తగిలింది.

మూడు దారుల్లో ఏది

పడవలోనే శుద్ధి చేసే యంత్రం గురించి ఆయన ముందే ఆరా తీశారు. విద్యుత్తుతో ఉప్పునీటి నుంచి క్లోరిన్ తయారుచేసి మలాన్ని శుద్ధి చేసేవి ఉన్నాయి. అమెరికా నిబంధనల్లో మొదటి రకం యంత్రం వదిలే నీటిలో 100 మిల్లీలీటర్లకు 1000 వరకు మల కోలిఫాం బ్యాక్టీరియా (నీటిలో మలం కలిసిందని చూపేవి) ఉండవచ్చు. మన దేశంలో స్నానానికి, ఈతకు వాడే తీరజలాలకు పెట్టిన ప్రమాణం 100. అంటే యంత్రం సరిగ్గా పనిచేసినా వచ్చే నీరు ఈత నీటికి పదింతలు మురికి. అమెరికాలోనే అసలు వదలకూడదని ప్రకటించిన ప్రాంతాల్లో ఈ యంత్రాన్నీ వాడనివ్వరు. తీరం అంచునే తిరిగే పడవకు దీన్ని నేను సిఫారసు చేయలేదు.

పొడి మరుగుదొడ్డి నాకు ఇష్టమైన పద్ధతి. మూత్రం ఒక డబ్బాలోకి, మలం కొబ్బరి పొట్టులోకి విడిగా వెళతాయి. ఒడ్డున గుంటలో వేసి ఎరువు చేయవచ్చు, అయితే తొందర పడకూడదు: 20 నుంచి 35 డిగ్రీల వేడిలో ఏడాదికి పైగా నిల్వ ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. ఇద్దరు ముగ్గురు తిరిగే పడవకు ఇది చక్కగా సరిపోతుంది. ఈ ఇంట్లో కుదరదని యజమాని తల్లిగారు ఒక్క మాటలో తేల్చేశారు: "నీళ్లు లేకుండా ఎలా నాయనా?" ఆవిడ అన్నది న్యాయమే. కడుక్కునే నీళ్లు పడితే పొట్టు తడిసి ముద్దవుతుంది, పద్ధతి మొత్తం చెడుతుంది. అలవాటు లేని చుట్టాలు పది మంది ఎక్కే పడవలో దాన్ని నమ్ముకోలేం.

మిగిలింది నిల్వ ట్యాంకు. ఇక్కడ విదేశీ పుస్తకాల లెక్క మనకు పనికిరాదు, ఎందుకంటే అది కాగితం వాడేవాళ్ల లెక్క. మన వాళ్లు కడుక్కోవడానికి వాడే నీరూ ట్యాంకులోకే చేరుతుంది. పది మంది, ఒక పగటి ప్రయాణం, తలా రెండుసార్లు అనుకుంటే ఇరవై వాడకాలు. పాత పద్ధతిలో పంపు కొట్టే సముద్రపు నీరు వాడకానికి 4 లీటర్లు, కడుక్కోవడానికి లీటరున్నర, శరీరం నుంచి వచ్చేది దాదాపు 300 మిల్లీలీటర్లు కలిపి 116 లీటర్లు. నీళ్లు పొదుపుగా వాడే మంచినీటి మరుగుదొడ్డి పెట్టి ఫ్లష్‌ను లీటరున్నరకు, చేతి జల్లు ధారను సన్నం చేసి కడుగునీటిని 800 మిల్లీలీటర్లకు తగ్గిస్తే మొత్తం 52 లీటర్లు. 110 లీటర్ల ట్యాంకు నిర్ణయించాం. మూడొంతులు నిండగానే సరంగు ఎదుట ఎర్ర దీపం వెలుగుతుంది.

మంచినీరు వాడటం వల్ల రెండో లాభం: సల్ఫేటు పోయింది కాబట్టి వాసనకు మూలమే తగ్గింది. అయితే తాగే నీటి ట్యాంకు నుంచి నేరుగా మరుగుదొడ్డికి గొట్టం కలపకూడదు. పంపు ఆగినప్పుడు మురుగు వెనక్కి లాగబడే ప్రమాదం ఉంటుంది. ఫ్లష్ కోసం విడిగా 40 లీటర్ల ట్యాంకు, విడి పంపు పెట్టాం.

కట్టిన తీరు

సముద్రంలోకి వెళ్లే వాల్వుకు తాళం వేసి ఉంచవచ్చు. అమెరికాలో నిషేధ ప్రాంతాల్లో అదే పద్ధతి: వాల్వు మూసి పిడి తీసేయాలి, లేదా తాళం వేయాలి. కాలిఫోర్నియా తీరంలోని అవలాన్ రేవులో అధికారులు వచ్చిన ప్రతి పడవ మరుగుదొడ్డిలో రంగు బిళ్ల వేస్తారు, వదిలితే నీళ్ల మీద రంగు తేలుతుంది. మనకు అలాంటి కాపలా లేదు. "ఎప్పుడైనా దూరం వెళితే అవసరపడుతుందేమో" అని యజమాని ఆ వాల్వు ఉంచమన్నారు. ఉన్న వాల్వు ఏదో ఒక రోజు తెరుచుకుంటుందని వాదించాను. పైగా నీటిమట్టం కింద ప్రతి రంధ్రమూ ఒక ప్రమాదమే. చివరికి ఒప్పుకున్నారు. పడవను ఒడ్డెక్కించినప్పుడు మలజలం సీకాక్, సముద్రపు నీరు లాగే సీకాక్ రెండూ తీసేసి, రంధ్రాల అంచును మందానికి పన్నెండింతల దూరం వాలుగా అరగదీసి ఫైబర్‌గ్లాస్ పొరలతో పూడ్చాం. తీసిన వాల్వుల్లో ఒకటి ఇత్తడిది. ఉప్పునీటికి జింకు కరిగిపోయి, సుత్తితో తడితే ఎర్రగా పొడి రాలింది.

ట్యాంకు మందపాటి పాలిథిన్. స్టీలు, అల్యూమినియం ట్యాంకులను మూత్రం అతుకుల దగ్గర తినేస్తుంది. నిండితే నూటపది కిలోలు కాబట్టి పడవ మధ్య గీత మీద, పలకల మధ్య కదలకుండా బిగించాం. రెండు పక్కలకూ ఒక్కొక్కటి 25 మిల్లీమీటర్ల గాలిగొట్టం, వీలైనంత పొట్టిగా, వంపులు లేకుండా. ఒక వైపు గాలి లోపలికి వస్తే మరో వైపు బయటికి పోతుంది. గాలి ఆడితే ఆక్సిజన్ వాడుకునే బ్యాక్టీరియా పనిచేస్తుంది, అది వదిలేది వాసన లేని కార్బన్ డయాక్సైడ్. బొగ్గు వడపోతలు పెట్టమని కొందరు సలహా ఇస్తారు. అవి గాలిని అడ్డుకుంటాయి, తడిస్తే పూర్తిగా మూసుకుంటాయి. నేను పెట్టను. చివర్లో కందిరీగలు దూరకుండా స్టీలు జాలీ మాత్రం పెట్టి, నెలకోసారి బ్రష్షుతో తుడవమన్నాను.

తిన్నని చోట గట్టి పీవీసీ పైపు, కదలాల్సిన చోట మాత్రమే మురుగు కోసం చేసిన మందపాటి హోసు వాడాం. ప్రతి అతుకుకూ రెండేసి 316 రకం స్టీలు క్లిప్పులు, గొట్టం ఎక్కడా కిందికి వేలాడకుండా ఆధారాలు. ఖాళీ చేయడానికి మలాన్ని ముక్కలు చేసి తోసే కత్తెర పంపు కాకుండా, రబ్బరు పొర కదలికతో తోసే డయాఫ్రమ్ పంపు తీసుకున్నాం. వెంట్రుకలు, గుడ్డపీలికలు పడితే కత్తెర పంపు బిగుసుకుపోతుంది, దాన్ని విప్పి శుభ్రం చేయడం ఎవరికీ పెట్టకూడని పని.

ఒడ్డు వైపు పని

నా సమయంలో ఎక్కువ భాగం ఇక్కడే గడిచింది. ముందు సెప్టిక్ ట్యాంకు లారీ వాళ్లను సంప్రదించాం. వేల లీటర్లు మోసే లారీని 80 లీటర్ల కోసం పిలిస్తే పూర్తి ట్రిప్పు డబ్బు ఇవ్వాలి, అయినా సెలవు సాయంత్రం ఎవరూ రారు. జెట్టీ దగ్గర ఉన్న భవనానికి సొంత సెప్టిక్ ట్యాంకు ఉంది, దాన్ని అనుమతి ఉన్న లారీయే ఖాళీ చేస్తుంది. భవన నిర్వాహకులతో మాట్లాడాం. వాళ్ల భయం రెండు విషయాల గురించి: ఉప్పునీరు, రసాయనాలు. రెండూ సెప్టిక్ ట్యాంకులోని బ్యాక్టీరియాను దెబ్బతీస్తాయి కాబట్టి ఆ భయం సరైనదే. మంచినీటి ఫ్లష్ అని చూపించాం, ఫార్మాల్డిహైడ్ ఉన్న ద్రావణాలు పడవలో ఉండవని రాసిచ్చాం. లిఖితపూర్వక అనుమతి, ప్రతిసారీ తేదీ, లీటర్లు రాసే పుస్తకం, లారీ ఖర్చులో వాటా అనే షరతులతో ఒప్పుకున్నారు.

పాటు సమయంలో, ముఖ్యంగా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, పడవ జెట్టీకి మీటరుకు పైగా కిందికి దిగిపోతుంది. ట్యాంకు అడుగు నుంచి సెప్టిక్ ట్యాంకు గది దాకా ఎత్తు అప్పుడు దాదాపు నాలుగు మీటర్లు అవుతుంది. పంపును ఆ ఎత్తుకు లెక్క కట్టి ఎంచుకున్నాం, వీలైతే పోటు మీద ఖాళీ చేయమన్నాం.

భవనం ట్యాంకు నిండి ఉన్న రోజు లారీయే గతి. దానికోసం అడాప్టరు చేయించి, ట్యాంకులో మంచినీళ్లు నింపి లారీతో పరీక్షించాం. లారీ పంపు ఆన్ చేయగానే ట్యాంకు గోడలు లోపలికి వంగడం కనిపించింది. వెంటనే ఆపించాం. ఇళ్ల సిమెంటు ట్యాంకుల కోసం చేసిన ఆ పీల్పుడుకు రెండు గాలిగొట్టాలూ చాలలేదు. పరిష్కారం: అడాప్టరు మీద గాలి వదిలే చిన్న బాల్ వాల్వు, లారీ పని చేసేటప్పుడు ట్యాంకు పైమూత తెరిచి ఉంచడం. మూత తెరిచినప్పుడు కింది గదిలో ఎవరూ ఉండరు, కిటికీలన్నీ తెరిచి ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు కాబట్టి గది అడుగున చేరుతుంది. దాని మోతాదు 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) దగ్గర ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపి ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్ని, చేతితో మలం ఎత్తే పనిని ఆపడానికి తెచ్చిన 2013 చట్టం నిషేధించింది. పడవ ట్యాంకు చిన్నదే అయినా చేయి, తల లోపలికి పెట్టి గోకే పని ఎవరికీ చెప్పకూడదని ఒప్పందంలో రాయించాను. మూత ద్వారా నీటి ధారతోనే కడగాలి.

మలజలం హోసుకు ఎర్ర రంగు చుట్టలు, రెండు చివరలా మూతలు. తాగే నీటి హోసుతో దాన్ని కడగకూడదు, ఒకే పెట్టెలో పెట్టకూడదు. కింద పళ్లెం పెట్టాకే బిగింపు విప్పాలి. ఒలికితే కొబ్బరి పొట్టు చల్లి ఎత్తి సంచిలో కట్టాలి, జెట్టీ మీద నీళ్లు కొట్టి సముద్రంలోకి తోయకూడదు. మరుగుదొడ్డి పళ్లెంలో తెల్లటి గార పడితే వెనిగర్ చాలు. వెనిగర్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అందుకే పడవలో బ్లీచింగ్ పొడి ఉంచవద్దన్నాను.

అతిథుల సంగతి సరంగు భార్య పరిష్కరించింది. ప్యాడ్లు, తడి తుడుపు కాగితాలు పళ్లెంలో వేయవద్దని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఆడవాళ్లు వాటిని ఎక్కడ వేయాలో తెలియక ఇబ్బంది పడతారని ఆమే చెప్పింది. మూత ఉన్న చిన్న డబ్బా, పక్కనే పాత వార్తాపత్రిక ముక్కలు పెట్టించింది. ఆ తర్వాత పంపులో ఏదీ చిక్కుకోలేదు.

తుది పరీక్షగా పళ్లెంలో ఎర్రటి ఆహారపు రంగు పోసి, ఫ్లష్ చేస్తూ పడవ చుట్టూ నీళ్లు గమనించాం. రంగు ట్యాంకులో మాత్రమే కనిపించింది. కొత్త గొట్టాలకు వేడి గుడ్డ పరీక్ష ఏడాదికోసారి, తుపానుల కాలానికి ముందు చేయాలి. ఆ కాలంలో పడవను కట్టి ఉంచేటప్పుడు ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, రెండుసార్లు మంచినీటితో కడిగి, గాలిగొట్టాలు తెరిచే ఉంచాలి.

ఇదే జెట్టీలో మరో ఇద్దరు పడవ యజమానులు అడాప్టరు అడిగారు. ఏ వర్క్‌షాపులోనైనా చేయించుకోవచ్చు: పడవ వైపు 38 మిల్లీమీటర్ల కొన, అక్కడి నుంచి 50కి పెంచే ముక్క, ఆ తర్వాత లోపల కదిలేది కనబడేలా అర మీటరు పారదర్శక గొట్టం, దాని మీద అంగుళం బాల్ వాల్వు, చివర లారీ హోసుకు సరిపడే 75 లేదా 100 మిల్లీమీటర్ల క్యామ్‌లాక్ (పిడులు నొక్కి బిగించే హోసు జోడింపు). లారీ హోసు కొలత ముందే ఫోను చేసి కనుక్కోండి. మొదటిసారి తప్పకుండా మంచినీళ్లతోనే పరీక్షించండి.